పసుపు ముద్ద కింద నేనున్నాను

నేను ఒక దవడను. నవ్వొస్తే నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. పళ్లు లేవు, నాలుక లేదు, అయినా మాటలకు మాత్రం లోటు లేదు. అరచేతిలో పెట్టుకుంటే వేళ్లు మూసుకుంటాయి, అంతే నా ఆకారం. నా నడుమ నున్నటి పల్లం ఒకటి ఉంది, సరిగ్గా ఒక బొటనవేలు పట్టేంత. ఆ పల్లం ఎవరిదన్న సంగతి మీద ఒక పెద్ద కంపెనీ, ఒక చిన్న రేకుల షెడ్డు రెండేళ్లు తగువు పడ్డాయి. ఆ రెండేళ్లూ నన్ను చూసుకుని నేను ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

ముందు నా పూర్వజన్మ చెప్పుకోవాలి. అప్పట్లో నేను ఒక లారీకి కమాను పట్టీని. ఉద్దానం తోటల నుంచి జీడిపిక్కల బస్తాలు వేసుకుని మా లారీ గతుకుల్లో పడి వస్తుంటే ఆ బరువంతా నా నడుం మీదే. డ్రైవరుకు బండంటే ప్రాణం. రోజూ అద్దం తుడిచేవాడు, ముందు భాగానికి నిమ్మకాయలు కట్టేవాడు, పండగొస్తే బంతిపూల దండ వేసేవాడు. ఏనాడైనా వంగి కింద ఉన్న మమ్మల్ని చూశాడా? చూడలేదు. మనుషుల తీరే అంత, కంటికి కనబడేదానికి దండ వేస్తారు, కింద మోసేదాని ఊసే ఎత్తరు. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఒకనాడు కల్వర్టు దగ్గర పుటుక్కున విరిగాను. పాత ఇనుము కొట్లో నాలుగు వానాకాలాలు తడిసి తుప్పు పట్టాను. అక్కడికి వచ్చాడు లోకనాథం మేస్త్రి. లేతు మీద పనిచేసే మనిషి, చెవి మీద పెన్సిలు, చొక్కా నిండా గ్రీజు. ఇనుమును వేలి కణుపుతో కొట్టి, చెవి పెట్టి వినడం ఆయన అలవాటు. నన్నూ కొట్టి విన్నాడు. "ఇది మంచి ఉక్కురా బావూ, దీనికింకా ఆయుష్షుంది" అన్నాడు కొట్టువాడితో. ఆ మాటకు నేను ఆ క్షణమే ఆయనకు దాసోహమైపోయాను. బంగారంలాంటి చేతులు ఆయనవి. నోరు మాత్రం అలాంటిది కాదు. ఆ నోట్లో నువ్వుగింజ నానదు. ఆ నోటి వల్లే తర్వాత అంత గొడవ వచ్చింది.

లోకనాథం నన్ను తీసుకెళ్లిన చోటు దమయంతి గారి జీడి కార్ఖానా. ఎందుకు తీసుకెళ్లాడో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. దమయంతి గారు ముప్పై ఏళ్లు హైస్కూల్లో సైన్సు టీచరుగా చేసి, రిటైరయ్యాక తండ్రి వదిలిన కార్ఖానా చూసుకుంటున్నారు. అక్కడ నలభై మంది ఆడవాళ్లు పిక్కలు కొట్టి పప్పు తీసేవారు. వాళ్లందరిలోకీ చెయ్యి తిరిగిన మనిషి తవిటమ్మ. ఇరవై రెండేళ్ల అనుభవం. ఎడమచేత్తో పిక్కను కత్తి మీద పెట్టి, బొటనవేలితో నొక్కిపట్టి, కాలితో మీట తొక్కితే డొక్క విడిపోయి పప్పు నిండుగా బయటికొచ్చేది. డొక్కతో పాటు దాని రసమూ వస్తుంది. ఆ రసం తగిలితే చర్మం కాలుతుంది. బూడిద రాసుకున్నా, ఆముదం రాసుకున్నా తప్పదు. తవిటమ్మ చేతులు మణికట్టు దాకా నల్లగా ఉండేవి, వేళ్ల కొసలు పొరలు పొరలుగా ఊడిపోయేవి. వేలిగీతలు ఎప్పుడో మాయమైపోయాయి.

గీతలు లేకపోతే ఏమవుతుందంటారా? రేషను డిపోలో వేలిముద్ర మిషను వచ్చాక తెలిసింది. తవిటమ్మ వేలు పెడితే ఎర్రదీపం వెలిగేది. తుడుచుకుని పెట్టినా ఎర్రదీపమే. చింతపండు రాసుకో అని ఒకరు, నిమ్మచెక్క రుద్దు అని ఇంకొకరు, వరుసలో ఉన్నవాళ్లంతా డాక్టర్లైపోయేవారు. డిపో ఆయన పాపం మంచివాడే, "రేపు మళ్లీ చూద్దాం పిన్నీ" అనేవాడు. ఆ రేపు ఎన్నిసార్లు వచ్చినా అదే దీపం. చివరికి కోడలు వెళ్లి వేలు పెడితే బియ్యం వచ్చేవి.

"నానున్నానో నేదో ఆ డబ్బాకి తెలీడం నేదమ్మా" అంది తవిటమ్మ ఒకరోజు కార్ఖానాకు ఆలస్యంగా వచ్చి. నవ్వుతూనే అంది. దమయంతి గారు మాత్రం ఆమె చేతులు పట్టుకుని వేళ్ల కొసలు ఒక్కొక్కటీ తిప్పి చూశారట.

ఆ వారమే ఆవిడ లోకనాథాన్ని పిలిపించారు. పిక్కను చెయ్యి తాకకుండా కొట్టే మిషను కావాలన్నారు. అలాంటివి బయట దొరకవా అంటే దొరుకుతాయి. కానీ అవి ఒకే సైజు పిక్కకు చేసినవి. మా ఉద్దానం పిక్క ఒకటి బొద్దుగా ఉంటే ఇంకొకటి వంకరగా ఉంటుంది. ఆ మిషన్లలో వేస్తే సగానికి సగం పప్పు బద్దలైపోతుంది, బద్దకు మార్కెట్లో విలువ లేదు. దమయంతి గారు వెనకవైపు షెడ్డు ఖాళీ చేయించి, లోకనాథానికి నెలజీతం పెట్టి, "చెడగొట్టు. ఎన్నైనా చెడగొట్టు. ఎందుకు చెడిందో మాత్రం నాకు చెప్పు" అన్నారు.

దీంతో ఆవిడ మరిదికి వినోదం దొరికింది. "ఇనుము పాడుచేసినందుకు జీతమిచ్చే కార్ఖానా ఈ జిల్లా మొత్తానికి మా వదినదొక్కటే" అని కనబడ్డవాడికల్లా చెప్పేవాడు. ఆవిడ ఖాతరు చేస్తేనా! పాత హాజరుపట్టీ ఒకటి తీసి, మిషను నోట్లో పిక్కను నొక్కిపట్టే ఇనుప దవడ పాడైనప్పుడల్లా తేదీ వేసి, ఎర్రసిరాతో కారణం రాసేవారు. "బిగువు ఎక్కువ." "అంచు తప్పు." "తొందరపాటు, మేస్త్రికి చెప్పాను." పాడైన దవడలన్నీ ఒక కిరసనాయిలు డబ్బాలో పడేవి. వాళ్లంతా నా అన్నలు. నలభై ఒక్కమంది.

నలభై ఒకటోవాడు కూడా డబ్బాలో పడ్డాక లోకనాథం తల పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత లేచి తవిటమ్మ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఆమె చేతినే చూశాడు.

"తవిటప్పా, నువ్వు కొడితే పప్పెందుకు విరగదు?"

"నాకేటి తెల్సు బావూ! సెయ్యే సూసుకుంటాది."

చెయ్యి ఏం చూసుకుంటుందో ఆయనకు కావాలి. కుమ్మరివాళ్ల దగ్గర నుంచి బంకమట్టి తెచ్చి, పిక్కకూ ఆమె బొటనవేలికీ మధ్య పెట్టి కొట్టమన్నాడు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. డొక్క చిట్లే క్షణంలో తవిటమ్మ బొటనవేలు వెంట్రుకవాసి వెనక్కి తగ్గుతోంది. పిక్క పెద్దదైతే ఎక్కువ, చిన్నదైతే తక్కువ. ఇరవై రెండేళ్లుగా ఆ వేలు చేస్తున్న పని ఆమెకే తెలియదు. ఆ మట్టిలో పడిన బొటనవేలి అచ్చు చూసి, నన్ను కోసి, ఆకురాయితో వారం రోజులు అరగదీసి, అదే పల్లం నా నడుమ దించాడు లోకనాథం. వెనక ఒక చిన్న స్ప్రింగు పెట్టాడు, వెంట్రుకవాసి తగ్గడానికి. ఆ మట్టి మీద గీతల్లేవు కనుక నా పల్లమూ నున్నగానే వచ్చింది.

మొదటిసారి నన్ను మిషనుకు బిగించి వంద పిక్కలు వేశారు. ఆరు బద్దలయ్యాయి, మిగతావన్నీ నిండు పప్పే. లోకనాథం షెడ్డులో గెంతులు వేశాడు. దమయంతి గారు ఎర్రసిరా పెన్ను పక్కన పెట్టి, నీలం పెన్ను వెతుక్కున్నారు. నేను మాత్రం తవిటమ్మ వైపు చూస్తున్నాను. ఆమె ముఖంలో నవ్వు లేదు.

రెండు రోజులు ఆమె నా దరిదాపులకు రాలేదు. మూడోరోజు తోటి ఆడవాళ్లను వెంటబెట్టుకుని దమయంతి గారి గది ముందు నిలబడింది.

"అమ్మా, సూటిగా అడుగుతన్నాను. నా ఏలు సూసి సేసినారు దీన్ని. నా ఏలితోటే మా అందరి కూడూ తీసీసినారేటి?"

దమయంతి గారు కుర్చీలోంచి లేచారు. టీచరు బెత్తం లేకుండా కూడా టీచరే. "తవిటమ్మా, మాట ఇస్తున్నాను. ఇలాంటి దవడలు వందలు కావాలి. అవి ఈ షెడ్డులోనే తయారవుతాయి, చేసేది మీరే. పప్పు నిండుగా వస్తే సరుకు పెరుగుతుంది, ఏరేవాళ్లూ పొట్టు తీసేవాళ్లూ ఇంకా కావాలి. కానీ ఒక్కటి. ఈ ఆలోచన మనదని ప్రభుత్వం రాసిచ్చే కాగితం ఉంటుంది, పేటెంటు అంటారు. అది చేతికొస్తేనే నా మాట నిలుస్తుంది. మనల్ని చూసి పెద్దవాళ్లెవరైనా వేలకు వేలు చేసి అమ్మేస్తే, మీకిచ్చిన మాట నీటి మీద రాతే."

తవిటమ్మ వెనకున్నవాళ్ల వైపు ఒకసారి చూసి, "అయితే ఆ కాయితం తెండమ్మా" అంది. ఆ నాలుగు ముక్కల మీద పధ్నాలుగు మంది ఆడవాళ్లు ఆకురాళ్లు పట్టడం నేర్చుకోవడం మొదలుపెట్టారు. విశాఖపట్నంలో హిమజ అనే పేటెంట్ల వకీలు ఉందని తెలుసుకుని, దసరా వెళ్లగానే కాగితాలు పంపిద్దామనుకున్నారు దమయంతి గారు.

ఈలోగా దసరా వచ్చింది. లోకనాథం నోరూ ఉంది.

ఆయుధ పూజ రోజున షెడ్డులో ఏ పనిముట్టూ కదలకూడదు. అన్నిటినీ కడిగి, పసుపు పూసి, పీట మీద పెట్టి దణ్ణం పెట్టాలి. లోకనాథం తన కొలత పరికరాలు పెట్టాడు. మిగతావాళ్లు సుత్తులూ ఆకురాళ్లూ పెట్టారు. తవిటమ్మ పాత మీటకత్తి అప్పటికే మూలపడింది. "మరి నా పనిముట్టేదీ?" అని అటూ ఇటూ చూసింది. చూసి, మిషను దగ్గరికెళ్లి, రెండు బోల్టులు విప్పి, నన్ను బయటికి తీసింది. "నా ఏలున్నది ఇందులోనే గదా" అని పీట మీద పెట్టి, నా మీద పసుపు ముద్ద వేసి, కుంకం పెట్టి, పైన బంతిపూలు కుప్ప పోసింది. ఎలాగూ ఆ రోజు మిషను తిరగదు కనుక లోకనాథం కూడా ఏమీ అనలేదు. ఖాళీ అయిన మిషను నోటికి ఇంత లావు దండ వేసి చేతులు దులుపుకున్నాడు. పసుపు కింద నాకు ఊపిరాడలేదు కానీ, జన్మకు మొదటిసారి పువ్వులు నా మీద పడ్డాయి, ఆ ఆనందం ముందు అదెంత!

పూజకు లోకనాథం ఊరందరినీ పిలిచాడు. కొత్త మిషను చూసి పొమ్మని బజారంతా చాటింపు వేసినట్టు చెప్పాడు. వచ్చినవాళ్లలో బంగారు ఫ్రేము కళ్లజోడు పెట్టుకున్న ఆయన ఒకడు, ఎక్కడో పెద్ద మిషన్ల కంపెనీ మనిషి. ఫోను తీసి మిషనును నాలుగువైపులా ఫోటోలు తీశాడు. దండ పక్కకు జరిపి మరీ నోరు తీశాడు. టేపు పెట్టి కొలిచాడు. మన మేస్త్రి ఆయన అడిగినవీ చెప్పాడు, అడగనివీ చెప్పాడు. పైగా రెండోసారి బూంది పెట్టించాడు.

"అసలు కిటుకంతా దవడలో ఉందండీ, ఉండండి చూపిస్తాను" అని పీట వైపు చెయ్యి చాచాడు. తవిటమ్మ ఆ చేతి మీద చట్టుమని ఒకటి వేసింది.

"పూజలో పెట్టినదాన్ని రేపటి దాకా ముట్టకూడదు మేస్త్రీ! తెలీదేటి?"

లోకనాథం చెయ్యి తుడుచుకుని, "రేపు రండి బాబూ, చూపిస్తాను" అన్నాడు. కళ్లజోడు ఆయన మర్నాడు రాలేదు. చూడాల్సిందంతా చూసేశాననుకున్నాడు.

సంక్షిప్తంగా చెబుతాను, ఈ భాగం నాకు ఇష్టం లేదు. మా కాగితాలు పేటెంటు ఆఫీసుకు చేరిన కొన్నాళ్లకు, అచ్చం మా మిషను లాంటివే నీలం రంగు వేసుకుని బజారులోకి వచ్చాయి. పప్పును పిండి చేసేవి. కొన్నవాళ్లు "అది ఆ లోకనాథం మిషనేలే" అని మమ్మల్ని తిట్టేవారు. ఆ వెంటనే ఒక లావుపాటి కవరు వచ్చింది. ఈ మిషనును దరఖాస్తుకు ముందే దసరా నాడు పదిమందికీ బహిరంగంగా చూపించారు, అందరికీ తెలిసిపోయినదానికి పేటెంటు ఇవ్వకూడదు అని ఆ కంపెనీ అభ్యంతరం. సాక్ష్యంగా పదకొండు ఫోటోలు.

దాఖలు చేయకముందు చూపిస్తే హక్కే పోతుందని లోకనాథానికి అప్పుడు తెలిసింది. మనిషి కుప్పకూలిపోయాడు. "అమ్మగారూ, నా నోరే ఈ ఆడోళ్ల కొంప ముంచింది" అని షెడ్డు గుమ్మంలో కూర్చుని ఏడ్చాడు. దమయంతి గారు హాజరుపట్టీ మూసి బీరువాలో పెట్టేశారు. తిట్టి ఉంటేనే బావుండేది. పధ్నాలుగు మంది ఆకురాళ్లు కింద పెట్టేశారు.

హిమజ విశాఖ నుంచి వచ్చి, ఫోటోలు బల్ల మీద పరిచి, నుదురు రుద్దుకుంటూ కూర్చుంది. "చాలా స్పష్టంగా తీశాడండీ, కష్టమే" అంది. తవిటమ్మ అక్కడే నిలబడి ఫోటోలు ఒక్కొక్కటీ కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూస్తోంది. దండ పక్కకు జరిపి తీసిన ఫోటో దగ్గర ఆగింది.

"ఇదేటమ్మా, మిషను బోసినోరుతో ఉంది?"

"అంటే?" అంది హిమజ.

"నా ఏలున్నది ఇందులో నేదు గదా. ఆ రోజు నాను తీసీసి పూజలో పెట్టీసినాను."

హిమజ కుర్చీలోంచి లేచింది. ఫోటో లాక్కుంది. పదకొండూ మళ్లీ చూసింది. తర్వాత ఆ పిల్ల చేసిన పని మీకు చెబితే నమ్మరు, తవిటమ్మను గట్టిగా వాటేసుకుంది. లోకనాథం ఏడుపు ఆపి, "ఏమైందండీ? ఏమైంది?" అని ఆ ఇద్దరి చుట్టూ తిరిగాడు.

విచారణ చెన్నైలో, అక్కడి పేటెంటు ఆఫీసులో. తవిటమ్మ, లోకనాథం, హిమజ రైలెక్కారు. నేను తవిటమ్మ గుడ్డసంచిలో, పులిహోర పొట్లం పక్కన. రైలు కుదుపుల్లో నాకు లారీ రోజులు గుర్తొచ్చాయి. తవిటమ్మ దారంతా సంచిలో చెయ్యి పెట్టి నన్ను పట్టుకునే ఉంది. ఆమె చెయ్యి చల్లబడిపోయింది. భయపడుతోందని నాకు తెలుసు. నాకూ భయమే.

అక్కడి అధికారి తక్కువ మాట్లాడే మనిషి. భూతద్దం పెట్టి ఫోటోలు చూశారు. చూసి కళ్లజోడు ఆయనను అడిగారు, "దరఖాస్తులో చెప్పిన కొత్త భాగం ఈ దవడ. ఇది మీ ఫోటోల్లో ఎక్కడుంది?"

"దండ వెనకాల ఉంటుందండీ."

"ఈ ఫోటోలో దండను మీరే పక్కకు తీశారు. నోరు ఖాళీగా ఉంది."

కళ్లజోడు ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అధికారి తవిటమ్మ వైపు తిరిగి, ఆ రోజు ఇది ఎక్కడుందని అడిగారు. హిమజ తెలుగులో చెప్పింది.

"పూజలో ఉందండి. పసుపు ముద్ద కింద" అంది తవిటమ్మ, నన్ను తీసి బల్ల మీద పెడుతూ. అంచుల్లో కాస్త పసుపు ఇంకా అంటుకునే ఉంది. అధికారి దాన్ని చూశారు. నవ్వలేదు కానీ, నవ్వబోయి ఆగినట్టు నాకు తోచింది.

నాలుగు నెలలకు కాగితం వచ్చింది. అందులో కనిపెట్టినవారి కింద రెండు పేర్లు, లోకనాథం, తవిటమ్మ. దమయంతి గారు పేర్లు చదివి వినిపిస్తుంటే తవిటమ్మ "మళ్లీ సదవండమ్మా" అని మూడుసార్లు చదివించుకుంది. మా దవడ వాడుకునే దారి మూసుకుపోయి, నీలం మిషన్లు బజారులోంచి వెళ్లిపోయాయి. ఆకురాళ్లు మళ్లీ కదిలాయి. ఆ పధ్నాలుగు మంది ఇప్పుడు ముప్పై ఒక్కమంది, నా తమ్ముళ్లూ చెల్లెళ్లూ వాళ్ల చేతుల్లోంచి పుట్టి ఎక్కడెక్కడికో పోతున్నారు. దమయంతి గారు పప్పు మీది పొట్టు తీసే మిషను కోసం మళ్లీ కొత్త హాజరుపట్టీ తెరిచారు, కొత్త డబ్బా పెట్టారు. మరిది ఇప్పుడు చుట్టాలను తీసుకొచ్చి ఆ పాత డబ్బా చూపిస్తున్నాడు, మొదటి నుంచీ తనే ప్రోత్సహించినట్టు. లోకనాథం మాత్రం షెడ్డుకు కొత్త ముఖం వస్తే చాలు, బుగ్గన కిళ్లీ పెట్టేసుకుంటాడు. కిళ్లీ నోటితో మాట్లాడలేడు కదా, అదీ ఆయన కనిపెట్టిన రెండో పరికరం.

నేనా? లక్షల పిక్కలు నమిలాక నా అంచు అరిగిపోయింది. నన్ను విప్పి, షెడ్డులో దుర్గమ్మ పటం పక్కన అరలో పెట్టారు. దమయంతి గారు గాజుపెట్టె చేయిస్తానన్నారు. తవిటమ్మ ఒప్పుకోలేదు, దసరాకు పసుపు పూయడం ఎలా అంది.

నిన్న పొద్దున పనివేళకు ముందే తవిటమ్మ వచ్చింది. చేతిలో రేషను సంచి, సంచి నిండా బియ్యం. ఆమె జీడిరసం తాకి మూడేళ్లు దాటింది. చేతుల నలుపు ఎప్పుడో పోయింది, వేళ్ల కొసల పొరలు ఊడటం ఆగింది. సంచి కింద పెట్టి, తిన్నగా అర దగ్గరికి వచ్చి నన్ను తీసుకుంది.

"పచ్చదీపం ఎలిగిందే" అంది నాతో. "తొలిసారికే ఎలిగింది. నానున్నానని దానికి తెలిసింది."

అని తన బొటనవేలు నా పల్లంలో పెట్టింది. ఆ పల్లం ఆ వేలిదే, సరిగ్గా పట్టింది. కానీ నేను పుట్టిన నాటి వేలు కాదు అది. సన్నగా, వంపులు వంపులుగా, ఒకదాని పక్కన ఒకటి, గీతలు తగిలాయి నాకు.

"ఇన్నాళ్లూ నీకాడ దాసి, ఇప్పుడిచ్చీసినావేటే?" అంది తవిటమ్మ, కళ్లు తుడుచుకుంటూ.